కంటైనరుకు పసుపు నీళ్లు

ఆ రోజుల్లో సరుకు త్వరగా ఊరు దాటాలంటే నాలాంటి చదువుకున్నవాడు మధ్యలో ఉండి తీరాలని గట్టిగా నమ్మేవాణ్ణి. కోరుట్లలో డిగ్రీ ముగించి, మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం చేసే మా పెద్దబాపు (నాన్నకు అన్న) దగ్గర పనికి కుదిరాను. అప్పటిదాకా ఆయన బస్తాలు లారీలో ముంబై వెళ్లి, గోదాములో దిగి, మళ్లీ కంటైనరులోకి ఎక్కి ఓడరేవు చేరేవి. "ఇన్నిసార్లు ఎత్తుడు దించుడు ఎందుకు పెద్దబాపూ? కంటైనరునే మన మండీకి రానియ్యి. ఈడ తలుపేస్తే దుబాయ్‌లనే తీసుడు" అన్నాను. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని, "సరే కానియ్. గానీ ఓడ తప్పిందనుకో, ఈ దుబాయోని కొత్త బేరం పోతది" అన్నాడు.

కంటైనరు వచ్చింది. తలుపు తీస్తే గుప్పుమని చేపల వాసన. హమాలీల పెద్ద ముక్కు మూసుకుని, "గీ డబ్బలనా పసుపు ఎక్కిచ్చుడు? నీసు, నీసు!" అంటూ దూరం జరిగాడు. ఇంకో కంటైనరు పిలిపించే వ్యవధి లేదు. మైల పోవడానికి మన ఇళ్లలో ఏం చేస్తారో నాకు తెలియదా? (పసుపుకు మా మండీలో కరువా?) బకెట్ల కొద్దీ పసుపు నీళ్లు కలిపి గోడలూ, చెక్కల నేలా శుభ్రంగా కడిగించాను. వాసన తగ్గింది. నేల పైకి ఆరినట్టే కనిపించింది.

బస్తాలు ఎక్కించబోయే ముందు పెద్దబాపు వచ్చి, గుడిలోకి వెళ్తున్నట్టు బూట్లు విడిచి, తెల్ల మేజోళ్లతో లోపలికి నడిచి అగరుబత్తీలు వెలిగించాడు. బయటికి వచ్చేసరికి ఆ మేజోళ్లు తడిసి పచ్చబడి ఉన్నాయి.

"ఏందిరా ఇది? పెండ్లిపిల్ల లెక్క నా కాళ్లకు పసుపు పెట్టినవ్!"

హమాలీలంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "చెక్కంత నీళ్లు తాగి ఉన్నది. దీని మీద బస్తాలేస్తే దుబాయ్ పొయ్యేసరికి బూజు పడ్తదిరా."

పక్కనున్న ఫంక్షన్ హాలు నుంచి పెద్ద ఫ్యాన్లు మోయించుకొచ్చి తలుపుల దగ్గర పెట్టాం. ("మా పెండ్లికి ఉక్కపోత, మీ డబ్బకు గాలా?" అని ఎవరో పెళ్లిపెద్ద తగువుకొచ్చాడు.) ఆ చెక్క ఆరేసరికి మర్నాడు సాయంత్రమైంది. బండి రేవు చేరేసరికి ఆ ఓడకు సరుకు తీసుకోవడం ఆపేశారు.

పెద్దబాపు నా ముందే దుబాయ్ బేరగాడికి ఫోన్ చేసి, తనకొచ్చిన హిందీలో "గల్తీ మేరీ హై భాయ్" అన్నాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు, నా ఊసే ఎత్తలేదు. అవతలివాడు చాలాసేపు గొణిగి, చివరికి వచ్చే ఓడకు ఒప్పుకున్నాడు. ఫోన్ పెట్టేసి నా వంక చూసి, "మొఖం గట్ల పెట్టకురా. సముద్రం ఏడికి పోతది?" అన్నాడు.

ఇప్పుడు పెద్దబాపు గద్దె మీద నేను కూర్చుంటున్నాను. కంటైనర్లు వస్తూనే ఉంటాయి, నేను అరుస్తూనే ఉంటాను. మొన్న బండిని ఆలస్యం చేసిన కొత్త గుమస్తా మీద మండీ అంతా వినేలా విరుచుకుపడ్డాను. సాయంత్రం మనసొప్పక వాడికి చాయ్ తెప్పించాను. పెద్దబాపులా కాలేకపోయాను, నాకు అంతవరకే చేతనైంది. వాడు తాగాడు గాని నవ్వలేదు. నేనే, కొంచెం సిగ్గుగా, నవ్వుకున్నాను.