యాదగిరి పేరు మీద నడిచిన డ్రయ్యర్

కొవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది జనవరిలో, జిన్నారం దగ్గరి ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో నాకు కొత్త ప్రాజెక్టు అప్పగించారు. అప్పటికి నేను కంప్యూటర్ విభాగం మేనేజర్ని. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది. చివర్లో ఒక మంచి పని చేసి వెళ్లమన్నారు జనరల్ మేనేజర్ గారు. మంచి పని! ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

బల్క్ డ్రగ్ అంటే మాత్ర కాదు, మాత్రలోకి వెళ్లే అసలు మందు పొడి. ఒక విడతలో తయారయ్యే పొడిని బ్యాచ్ అంటారు. ప్రతి బ్యాచ్‌కూ ఒక రికార్డు ఉంటుంది. ముడిసరుకు ఎన్నింటికి వేశారు, ఎంత వేడి చేశారు, పొడిని ఆరబెట్టే డ్రయ్యర్‌కు ఆవిరి ఎప్పుడు కట్టేశారు, ఇలా ప్రతి మెట్టు దగ్గరా సమయం, చేసినవారి సంతకం, సరిచూసినవారి సంతకం ఉండాలి. సంతకం లేని పని జరగనట్టే లెక్క. ఇదంతా అంతవరకూ కాగితం మీద సాగేది. దాన్ని కంప్యూటర్‌లోకి మార్చడం నా పని. సంతకం బదులు ఎవరి ఐడీ వాళ్లకు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు. పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వబోమని అందరి చేతా హామీపత్రం మీద సంతకాలు పెట్టించాం. ఆ పత్రం రాసిందీ నేనే.

డ్రయింగ్ విభాగంలో షిఫ్టుకు తొమ్మిది మంది. అందులో ఇద్దరే పర్మనెంట్. మిగతావాళ్లు ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు. ఐడీకి ఒక లైసెన్సు చొప్పున కొనాలి కాబట్టి కాంట్రాక్టు వాళ్లకు ఐడీలు అక్కర్లేదని పైనుంచి మాట వచ్చింది. మరి ఎంట్రీలు ఎవరు చేస్తారని ఒకసారి అడిగాను. పర్మనెంట్ వాళ్లే చేస్తారన్నారు. సరేనని తలాడించాను.

డ్రయ్యర్ ఉన్న గదిలో మామూలు కంప్యూటర్ పెట్టకూడదు, మంటలంటుకునే ప్రమాదం. అందుకని బయట కారిడార్‌లో ఒక్కటి పెట్టించాను. లోపలి మనిషి బయటికి రావాలంటే గౌను, టోపీ, గ్లౌజులు విప్పాలి. మళ్లీ లోపలికి పోవాలంటే అన్నీ తొడుక్కోవాలి. రానూపోనూ పన్నెండు నిమిషాలు. ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే స్క్రీన్ దానంతటదే మూసుకుపోయేలా పెట్టాను. వారం తిరక్కుండానే ప్రొడక్షన్ వాళ్లు గోల. ఆ ఐదు నిమిషాలను ఎనిమిది గంటలు చేయమని జనరల్ మేనేజర్ గారి చేత చెప్పించారు. ఎనిమిది గంటలంటే ఒక షిఫ్టు మొత్తం! రెండు రోజులు వాదించాను, మూడో రోజు చేసిచ్చాను.

ఆపైన నాలుగు నెలలు స్క్రీన్ మీద అన్నీ పచ్చగా కనిపించాయి. ఏ మెట్టూ ఆలస్యం లేదు, ఏ ఖాళీ గడీ లేదు. ఎక్కడైనా ఫ్యాక్టరీ అంత పద్ధతిగా నడుస్తుందా అన్న అనుమానం రావాల్సింది. నాకు రాలేదు.

అక్టోబర్‌లో ఒక బ్యాచ్ మాడి గోధుమరంగుకు తిరిగింది. ఆవిరి ఆపాల్సిన సమయానికి ఆపలేదు. రికార్డులో మాత్రం మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి కట్టేసినట్టు ఉంది. కట్టేసింది యాదగిరి అని కూడా ఉంది. ఇతను హత్నూర వైపు మనిషి, ఇరవై రెండేళ్ల సర్వీసున్న సీనియర్ ఆపరేటర్. డ్రయ్యర్ చప్పుడు విని లోపల తడి ఎంతుందో చెప్పేవాడు. తప్పుడు ఎంట్రీకి కంపెనీ నిబంధనల్లో ఉద్యోగం తీసేయడమే శిక్ష. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ విభాగం కాగితాలు సిద్ధం చేసింది. కంప్యూటర్ రికార్డు ప్రకారం ఎంట్రీ యాదగిరే చేశాడని ధ్రువీకరించమంటూ ఒక పత్రం నా సంతకానికి వచ్చింది. సంజాయిషీ అడిగితే యాదగిరి, 'నా పేరు మీదున్నది గద, ఇగ నేనేం చెప్పాలె' అన్నాడట.

సంతకం చేసే ముందు సర్వర్‌లో చూశాను. ఆ రోజు యాదగిరి ఐడీ ఉదయం ఆరూ ఐదుకు తెరుచుకుంది, మధ్యాహ్నం రెండు దాకా మూతపడలేదు. షిఫ్టులోని ఎంట్రీలన్నీ అతనివే. అప్పుడు గేటు దగ్గరి హాజరు మిషన్ చూశాను. అదీ మా విభాగానిదే. యాదగిరి పన్నెండున్నరకు ఔట్ పాస్ మీద బయటికి వెళ్లి ఒకటీ యాభైకి తిరిగొచ్చాడు. పాస్ మీద సంతకం పెట్టింది కూడా పర్సనల్ విభాగమే! ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టుంది వీళ్ల విచారణ. పోనీ నేనేమైనా తక్కువ తిన్నానా? రెండు మిషన్లూ నావే, ఒకదాని మాట ఇంకోదానికి తెలియదు.

యాదగిరిని పిలిపించి, ఆ రోజు ఎటు పోయినవని అడిగాను.

"ఎమ్మార్వో ఆఫీసుకు, మేడం. భూమి పాస్‌బుక్ పనుండె."

"మరి ఆ మాట చెప్పొద్దా? నౌకరి పోతుంటే నోట్లో బెల్లం పెట్టుకున్నవా?"

"ఏమని చెప్పాలె? పాస్‌వర్డ్ ఇచ్చిన అంటే అదొక తప్పు, రాసిచ్చిన గద మీకు. ఇయ్యలే, నేనే కొట్టిన అంటే ఇదొక తప్పు. ఈ రెండిట్ల ఏ తప్పుకు నౌకరి ఉంటదో మీరే చెప్పుండ్రి."

ఎంట్రీ ఎవరు కొట్టారని అడిగాను.

"ఎవరైతేంది మేడం? గాళ్లకు మీరు పేరే ఇయ్యకపోతిరి. కంప్యూటర్ల లేనోడు తప్పెట్ల జేస్తడు?"

జరిగేది మెల్లగా బయటపెట్టాడు. పొద్దున తన ఐడీతో తెరిచి పెడతాడు. కారిడార్‌లో ఒక కాంట్రాక్టు మనిషి కూర్చుంటాడు. లోపలివాళ్లు అద్దంలోంచి వేళ్లు చూపిస్తే వాటిని బట్టి ఎంట్రీలు కొడతాడు. ఎవరూ చూపించకపోతే, సమయం అయింది కదా అని కొట్టేస్తాడు. సరిచూసేవారి పాస్‌వర్డ్ సంగతి మరీ సుఖం, మానిటర్ వెనక చీటీ మీద అంటించి ఉంది. ఇన్నాళ్లూ నాకొక్క మాట ఎందుకు చెప్పలేదని అరిచాను.

"ట్రైనింగ్‌ల అడిగిన మేడం, లోపట ఉన్నోడు బయట ఎట్ల కొడ్తడని. ప్రశ్నలు ఆఖర్న అన్నరు. ఆఖర్న చాయ్ వచ్చింది."

నిజమే, అడిగాడు.

జనరల్ మేనేజర్ గారికి చెప్పాను. మరుసటి నెల విదేశీ కొనుగోలుదారుల ఆడిట్ ఉంది. ఒక్క ఎంట్రీ అబద్ధమని రాస్తే నాలుగు నెలల బ్యాచ్‌లన్నీ అనుమానంలో పడతాయి. ఒక్క మనిషితో పోయేదాన్ని కంపెనీ నెత్తికి చుట్టొద్దన్నారు. నా సర్వీసు రెండేళ్లు పొడిగించే ఫైలు తన బల్ల మీదే ఉందని కూడా అన్నారు. నేనేం ధీరురాలిని కాను, రెండు రోజులు ఆ పత్రాన్ని సొరుగులో పెట్టుకుని తిరిగాను. కానీ ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది అబద్ధం, కింద ఉండాల్సింది నా సంతకం. మూడో రోజు పత్రం వెనక్కి పంపి, చూసినదంతా విచారణ నివేదికలో రాశాను.

ఆడిట్ వాయిదా పడింది. నా సిస్టమ్ మూడు నెలలు మూతబడి మళ్లీ కాగితాలొచ్చాయి. పాత బ్యాచ్‌లన్నిటినీ డ్రయ్యర్ ఉష్ణోగ్రత చార్టులతో పోల్చి చూసుకోవాల్సి వచ్చింది. యాదగిరికి పాస్‌వర్డ్ ఇచ్చినందుకు హెచ్చరిక పత్రం ఇచ్చి ఉద్యోగం ఉంచారు. ఎంట్రీ కొట్టిన కాంట్రాక్టు మనిషిని మర్నాడే పంపేశారు. అతన్ని తిరిగి పనిలోకి తీసుకోమని ఉత్తరం రాద్దామంటే ఏ రికార్డులోనూ అతని పేరు లేదు. నా పొడిగింపు ఫైలు కదల్లేదు.

రిటైరయ్యేలోపు సిస్టమ్‌ను మళ్లీ కట్టాను. ఈసారి ముందు గౌను తొడుక్కుని ఒక షిఫ్టు పూర్తిగా లోపల నిలబడ్డాను. మంటల ప్రమాదం లేకుండా లోపలే పనిచేసే మిషన్ తెప్పించి, కాంట్రాక్టు వాళ్లతో సహా అందరికీ ఐడీలు ఇప్పించాను.

నేర్చుకున్నది ఇదీ. ఒక నియమాన్ని తొమ్మిది మంది రోజూ కలిసి తప్పుతున్నారంటే, దాన్ని రాసిన మనిషిని ముందు విచారించాలి. విచారణ నివేదికలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో నా పేరు రాశాను. అక్కడ మనుషుల పేర్లు రాయకూడదు, విభాగం పేరు రాయాలంటూ పర్సనల్ వాళ్లు తిప్పి పంపారు. అంతకు వారం ముందు వాళ్లే తయారుచేసిన నివేదికలో, అదే గడిలో, యాదగిరి పేరు ఇంటిపేరుతో సహా ఉంది.