అద్దం వెనక పీరు

హైదరాబాదులో ఒక ఇస్లామిక్ సంస్కృతి మ్యూజియానికి అమ్మను తీసుకెళ్ళాను. ఒక గదిలో, అద్దాల పెట్టెలో, చేతి ఆకారంలో ఉన్న ఇత్తడి పీరు కనపడగానే అమ్మ వెనక్కి వెళ్ళి గుమ్మం బయట చెప్పులు విడిచి వచ్చింది. అందరూ చూస్తుంటే నాకు సిగ్గేసింది.

“చెప్పులతోనే రావచ్చమ్మా, ఇది మ్యూజియమే కదా,” అంది అక్కడి గైడు, ఒక ముస్లిం అమ్మాయి.

“పీరు ముందుకి చెప్పులతో ఎట్టా వస్తానమ్మా? మా మావగారు ఎత్తిన పీరు అచ్చం ఇట్టాగే ఉండేది.”

“మీరు ముస్లింలా?”

“కాదమ్మా. మా ఊళ్ళో సాయిబుల ఇల్లు ఒక్కటీ లేదు. పీర్ల పండక్కి పీర్లు మేమే నిలబెడతాం. ఫాతిహా చదవడానికి నందిగామ నుంచి సాయిబుగారొస్తారు. ఆయన్ని బండి మీద తీసుకొచ్చేది మా ఇంటివాళ్ళే. ఆ పని ఇంకెవరికీ ఇవ్వం.”

ఆ అమ్మాయి తన వెనకే వస్తున్న కాలేజీ పిల్లల్ని ఆపి, “నాకు తెలిసింది పుస్తకాల్లోదే. ఈ అమ్మ చెప్తారు, వినండి,” అంది.

అమ్మ ఉత్త కాళ్ళతోనే నిలబడి, కొంగు సర్దుకుని, “మాది నందిగామ పక్కన పల్లెటూరండి,” అని మొదలుపెట్టింది.

ఒక పిల్ల నా వైపు తిరిగి, “మీదీ ఆ ఊరేనా అక్కా?” అని అడిగింది. అప్పటిదాకా ఎవరడిగినా విజయవాడ అని చెప్పేసేదాన్ని.

“ఆ ఊరే. సాయిబుగారిని తీసుకొచ్చే ఇల్లు మాదే,” అన్నాను.