తొంభై ఒకటి మావి కావు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేశాను. గొర్రెల పెంపకందారుల సంఘాలు టీకాల వివరాలు రాసుకునే ప్రోగ్రాం మాది. దాన్ని ఊళ్లలోని కంప్యూటర్లకు ఎక్కించే ఇన్‌స్టాలర్ కట్టడం నా పని. ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి, పాతది తీసేటప్పుడు ఏది తీయాలి అనేదే అందులోని లెక్క. ఇన్‌స్టాలర్లు కట్టడానికని ఒక టూల్ ఉంటుంది. పదో తరగతితో ఆగిన నేను దాని పాత వెర్షన్‌ను సొంతంగా నేర్చుకున్నాను.

ఆ ఏడు ఆ టూల్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. హైదరాబాద్ నుంచి కొత్తగా చేరిన ఇంజనీరు దాన్ని నెత్తికెత్తుకున్నాడు. అరవై రెండు సంఘాలకు వెళ్లే ప్యాకేజీని దానితో కట్టవచ్చో లేదో తేల్చమని యజమాని నాకు అప్పగించాడు. సిద్ధమో కాదో రాసిచ్చే కాగితం మీద సంతకం నాది.

నాకది మొదటి రోజే నచ్చలేదు, దాచను. అన్నీ రంగుల తెరలే. పాతదాంట్లో తీసేసే ఫైళ్ల జాబితా కళ్లెదుట ఉండేది, ఇందులో ఎక్కడో లోపలికి తోసేశారు. అయితే నచ్చకపోవడం లెక్కలోకి రాదు. ఖాళీ కంప్యూటర్లో పాత ప్రోగ్రాం పెట్టి, దాని మీద కొత్త వెర్షన్‌తో కట్టినది ఎక్కించి చూశాను. మూడు వందల పన్నెండు ఫైళ్లు పోయి, మూడు వందల పన్నెండు వచ్చాయి. తొమ్మిదిసార్లు చేశాను. తొమ్మిదిసార్లూ అంతే.

"ఇంకేం గావాలె కాకా? పదోసారి చేస్తే ఈనుతదా?" అన్నాడు ఇంజనీరు, గదిలో అందరూ వినేలా. అందరూ నవ్వారు. ఊళ్లో వాడుతున్న కంప్యూటర్ చూడనిదే సంతకం పెట్టనన్నాను. చదువు తక్కువైన వాళ్లకు అనుమానాలు ఎక్కువని అతను నా ముందే యజమానికి చెప్పాడు.

మా బాపు గొర్రెలు కాసేవాడు. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి జతలు జతలుగా లెక్కపెట్టేవాడు. ఒకటి తక్కువైతే వెతకడానికి పోయేవాడు. ఒకటి ఎక్కువైతే మాత్రం అన్నం కూడా తినేవాడు కాదు. చెవి కోత చూసి, ఎవరి మందదో తేలేదాకా దాన్ని వేరుగా కట్టేసి ఉంచేవాడు.

కొత్తకోట దగ్గర ఒక సంఘానికి వెళ్లాను. అక్కడ వివరాలు ఎక్కించేది గొర్రెలవాళ్ల ఇంటి కోడలు. ఆమె కంప్యూటర్లో మా ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ తెరిచి లెక్కపెట్టాను. నాలుగు వందల మూడు ఫైళ్లు. తొంభై ఒకటి మావి కావు. పాత టీకా పుస్తకాల పేజీలకు ఫోన్‌తో తీసిన ఫొటోలు, ఏ మంద ఏ దారిన వలస పోయిందో రాసుకున్న జాబితాలు. ఇవి ఇందులో ఎందుకు పెట్టావమ్మా అని అడిగాను.

"గొర్ల ముచ్చట గొర్ల దొడ్డిలనే ఉండాలె గద సారూ. ఇంకో జాగాల పెడితే మల్ల యాడ దేవులాడాలె?"

అసలు పుస్తకాలు ఏవంటే వానకు తడిసి పాడైపోయాయంది. ఏ మందకు ఏ టీకా పడిందో చెప్పడానికి ఆ ఊరికి మిగిలినవి ఆ ఫొటోలే.

ఆమెను అడిగి ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, ఆఫీసు కంప్యూటర్లో పెట్టి, దాని మీద కొత్తది ఎక్కించాను. మిగిలినవి మూడు వందల పన్నెండు. కాపీని మళ్లీ పెట్టి పాత వెర్షన్‌తో కట్టినది ఎక్కిస్తే నాలుగు వందల మూడూ ఉన్నాయి. పాతది తాను పెట్టినవే తీస్తుంది. కొత్తది ఫోల్డర్ మొత్తాన్ని ఊడ్చేస్తోంది. ఖాళీ కంప్యూటర్లో పరాయి ఫైళ్లు లేవు కనుక ఆ సంగతి తొమ్మిదిసార్లూ బయటపడలేదు.

"ఆడ పెట్టుడు వాళ్ల తప్పు. టూల్‌ది గాదు" అన్నాడు ఇంజనీరు. మందలు వలసకు బయలుదేరేలోపు ప్యాకేజీ అందాలని యజమాని తొందర. సరే, సంతకం పెడతానన్నాను. కాకపోతే ఆ కోడలి కంప్యూటర్లో, ఆమె ముందు కూర్చుని, బటన్ ఈ ఇంజనీరే నొక్కాలి.

మర్నాడు బస్సులో అతను నాకు రెండు సీట్ల ముందు కూర్చున్నాడు. సంఘంలో ఆమె మంచినీళ్లు తెచ్చి పెట్టింది. తెర మీదికి బటన్ వచ్చింది. ఏమేం పోతాయో ముందు ఆమెకు చెప్పమన్నాను. అతను మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"ఈమె ఫైళ్లు నీ దగ్గర కాపీ ఉన్నయి గద?"

"ఈమెయి ఉన్నయి సారూ. మిగతా అరవై ఒక్క సంఘాలయి మీ దగ్గర ఉన్నయా?"

అతను తెర మూసేసి లేచాడు. నీళ్లు ముట్టుకోలేదు. ఏమైంది సారూ అని ఆమె నన్ను అడిగింది. ఏమీ కాలేదు, అన్నీ ఉన్నాయని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో అతను నేనెక్కిన బస్సు వదిలేసి తర్వాతి బస్సుకు వచ్చాడు. అప్పటికి నేను కాగితం మీద సిద్ధంగా లేదని రాసి, కింద 403, 312, 91 వేసి యజమాని బల్ల మీద పెట్టాను. సంఘాలకు పాత వెర్షన్‌తో కట్టిన ప్యాకేజీయే వెళ్లింది. ఆ ఇంజనీరు ఉన్నన్నాళ్లూ మళ్లీ నన్ను కాకా అనలేదు. అసలు మాట్లాడనే లేదు. నేనూ మాట్లాడించలేదు.