కొండ చుట్టూ ప్రభుదాసు మాస్టారు

ఇది అడవి, కొండ, ప్రాణగండం అన్నీ ఉన్న మహాయాత్ర కథ. నిజానికి అంత లేదు. నర్సీపట్నంలో ఇడ్లీ తిని సైకిలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయగలిగిన యాత్ర. కొండ ఒక్కటే, అదీ చిన్నది. ప్రాణగండం మాత్రం ఉంది, లేదా ఉందని నేననుకున్నాను. నాకు ఆ రెంటికీ పెద్ద తేడా తెలియదు. మొన్న బజారులో ఒకావిడ బుట్టలో జీడిమామిడి పళ్లు పెట్టుకుని కూర్చుంది. ఎండకు మగ్గిన ఆ వాసన, గొంతు గరగరలాడించే ఆ తీపి ముక్కుకు తగలగానే నా కుడిచెయ్యి అక్కడ లేని సైకిలు బ్రేకును నొక్కింది. పక్కవాళ్లు నాకేదో జబ్బనుకుని ఉంటారు. జబ్బు కాదు, ప్రభుదాసు మాస్టారు.

మాస్టారు మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా ఎదురిల్లు. చర్చిలో ఆయన ‘ఆమెన్’ అంటే ముందు వరసలోవాళ్లు తెలియకుండానే అటెన్షన్‌లోకి వచ్చేసేవారట. గుండెలో స్టెంటు వేశాక, సైకిలు నెమ్మదిగా తొక్కొచ్చని డాక్టరు చెప్పారు. అందులో ‘తొక్కొచ్చు’ ఒక్కటే మాస్టారికి వినిపించింది. విశాఖలో ఉండే కూతురు సునీతక్కకు ‘గుండె’ ఒక్కటే వినిపించింది. వీధిలో ఉద్యోగం లేనిదాన్ని నేనొక్కదాన్నే కనుక ఆవిడ నన్ను పట్టుకుంది. “ఒక్కర్నీ ఎల్లనీకే. మాత్రలు నీ దగ్గరే ఉంచు. ఆయన కావాలనే ఇంట్లో ఒదిలేస్తారు,” అంటూ నాలుక కింద పెట్టుకునే మాత్రల డబ్బీ నా సంచిలో పడేసింది. అప్పటికే నాకు సొంత భయాలు బోలెడు. గ్యాసు కట్టేశానా, తలుపు వేశానా, అమ్మ ఫోనెందుకు ఎత్తలేదు. వాటి పక్కన ఇప్పుడు ఒక పెద్దాయన గుండె కూడా వచ్చి చేరింది.

మా దారి మొదట కాలువ గట్టు మీద. రెండువైపులా మొక్కలు నాటి, నడిచేవాళ్ల కోసం వేసిన బాట. ఊళ్లో షుగరున్నవాళ్లంతా చేతులూపుకుంటూ ఎదురొచ్చేవారు. ఊరు దాటాక జీడితోటలు, ఆపైన అడవి. అక్కడ బాట ఒక కొండ చుట్టూ తిరిగి, మొదలైన మలుపు దగ్గరికే వచ్చి కలుస్తుంది. ఒక చుట్టు చుట్టి, ఇంకో తోవలో కోటవురట్ల రోడ్డెక్కి, ఇంటికి. ఇంతే యాత్ర. దీనికి మాస్టారు పెట్టిన రూలు ఒక్కటే.

“ముందున్నోలు మలుపు కాడ కాలు కింద పెట్టాల. ఎనకోల మొఖం కనపడ్డాకే కదలాల.”

“ఫోను చేసుకుంటే సరిపోదా మాస్టారూ?”

“అడివిలో నీ ఫోనుకి టవరెవులు పట్టుకుంటారు, కొండముచ్చా?”

“పోనీ, చెయ్యి ఊపుతాను.”

“సెయ్యి ఎవులైనా ఊపుతారు. మొఖం సూస్తేనే తెలుస్తాది, మనిషి బాగుందో లేదో.”

ముందు ఎప్పుడూ ఆయనే. నన్ను వెళ్లనివ్వమంటే “నన్ను లాస్టు బెంచీలో కూకోబెడతావేటే?” అనేవారు. ప్రతి మలుపులోనూ ఒంటికాలు నేల మీద ఆన్చి, ప్రేయర్లో పిల్లల గోళ్లు చూసినట్టు నా మొహం చూసి, అప్పుడు కదిలేవారు. నాకు అప్పటిదాకా ఎవరూ అంత శ్రద్ధగా మొహం చూడలేదు. చూసినవాళ్లు మొటిమలకు మందు చెప్పారు.

ఒక శనివారం, కొండ చుట్టు మొదలయ్యే అడవి మలుపు దగ్గర మాస్టారు లేరు. సైకిలూ లేదు. ఆయన ఆగకుండా వెళ్లడమన్నది జరగదు. జరిగిందంటే ఏదో అయింది. మాత్రలు నా సంచిలో ఉన్నాయి, మనిషి ఎక్కడున్నారో తెలియదు. “మాస్టారూ!” అని అరిచాను. ఒక పిట్ట ఎగిరిపోయింది. కొండ చుట్టూ తిరిగే బాట పట్టి తొక్కాను. ప్రతి పొద వెనకా ఆయన పడిపోయి కనిపించారు. దగ్గరికెళ్తే రాయి, ఎండుకొమ్మ, ఒకచోట మేక. సునీతక్కకు ఫోనులో ఏం చెప్పాలో మూడు రకాలుగా తయారుచేసుకున్నాను. మూడింట్లోనూ ఏడ్చాను. చుట్టు పూర్తయి మళ్లీ మలుపు దగ్గరికి వస్తే అక్కడ మాస్టారు లేరు గానీ, జీడిగింజలు ఏరే ఒకావిడ గంపతో నిలబడి ఉంది.

“ఓలమ్మ, ఏటిది! నువ్వు ఇటెల్లినావు. తాతగోరు అల్లంత దూరాన పొదెనక ఒంటేలుకెల్లొచ్చి, పిల్ల ఏదని నన్నడిగినారు. ఇటెల్లినాదని సెప్పినాను. నీ ఎనకే పడ్డారు.”

“ఎలా ఉన్నారు?”

“బేగి తొక్కేస్తన్నారు.”

నెమ్మదిగా తొక్కాల్సిన మనిషి నన్ను పట్టుకోవడానికి బేగి తొక్కేస్తున్నారు. నేను ఆయన్ని పట్టుకోవడానికి మళ్లీ పెడల్ మీద కాలు వేశాను.

“ఆగే!” అంది ఆవిడ, నా సైకిలు క్యారియరు పట్టుకుని. “నువ్వు తిరుగు, ఆయన తిరుగుతారు. పొద్దోయేదాకా కొండకి పెదచ్చినం చేస్తారేటి? నిలబడు.”

నిలబడ్డాను. తొక్కుతుంటే కనీసం ఏదో చేస్తున్నట్టుంటుంది. నిలబడితే గుండె చప్పుడు ఒక్కటే మిగిలింది, అదీ నాదే. డబ్బీ మూత తీసి, పెట్టి, తీసి, పెట్టాను. ఆవిడ జీడిపండొకటి ఇచ్చింది. తిన్నాను. ప్రపంచం ముగిసిపోతున్నప్పుడు కూడా నేను తింటానని ఆ రోజే తెలిసింది.

చాలాసేపటికి మాస్టారు వచ్చారు. తొక్కుతూ కాదు, సైకిలును నడిపించుకుంటూ. చొక్కా తడిసిపోయింది, పెదాలు పాలిపోయాయి. డబ్బీ చాచాను. ఆయన దాన్ని పక్కకు నెట్టి, ముందు నా మొహం చూశారు. నుదుటి నుంచి గడ్డం దాకా, తీరుబడిగా. అప్పుడు కూలబడ్డారు.

“నొప్పిగా ఉందా?”

“నేదు. ఆయాసం. ముందు నీళ్లియ్యి.” సగం సీసా తాగి, “నువ్వు ఒక్కసోట ఆగితే ఎలాగో ఒకలాగ నీ కాడికి వస్తాను కదమ్మా. నువ్వూ తిరుగుతుంటే నానెక్కడికి రాను?” అన్నారు.

“పొద వెనక్కి వెళ్లేటప్పుడు సైకిలు బయట పెట్టొచ్చు కదా!”

“అడివి. దొంగలుంటారు,” అన్నారు, గంపావిడ వంక అనుమానంగా చూస్తూ. ఆవిడ ఆయనకీ ఒక పండిచ్చింది.

మాస్టారు కిందటేడు పోయారు. ఇంట్లో, మధ్యాహ్నం, పడక కుర్చీలో. అడవికేమీ సంబంధం లేదు. నేను ఎదురింట్లోనే ఉన్నాను. మాత్రలు ఆయన చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. నేను వెళ్లేసరికి మొహం మామూలుగానే ఉంది. ఆయన చూసినట్టే, నుదుటి నుంచి గడ్డం దాకా చూశాను.

నా భయాలేవీ తగ్గలేదు. అమ్మ ఫోనెత్తకపోతే నా బుర్ర ఇప్పటికీ ఒక చుట్టు తిరిగొస్తుంది. రెండో చుట్టుకు మాత్రం వెళ్లనివ్వను, ఉన్నచోటే కాలు కింద పెడతాను. శనివారాలు ఆ దారిలో ఒక్కదాన్నే వెళ్లినా ప్రతి మలుపులో ఆగి, వెనక్కి చూసి, అప్పుడు కదులుతాను. మీరెవరైనా వెళ్తే, ఆగేటప్పుడు మట్టి మీదే ఆగండి. అంచున గడ్డిలో పల్లేరుకాయలుంటాయి. ట్యూబు పోతుంది.