వీరవేణి తవ్వించిన వానగుంట

వీరవేణి మొక్కల పనిలోకి వచ్చేనాటికి ఆమెకు నలభై దాటాయి. అంతకుముందు చేసిందంతా చేపల పనే. ధవళేశ్వరం దగ్గర గోదావరి గట్టునున్న చేపలవాళ్ళ పేటలో పుట్టింది, ఆ పేటలోనే మెట్టింది. భర్త రాముడు పట్టుకొచ్చిన చేపల్ని గంపకెత్తుకుని రాజమండ్రి వీధుల్లో ఇరవై ఏళ్ళు తిరిగి అమ్మింది. మెడ పట్టేసి, ఇక గంప ఎత్తడానికి వీల్లేదని డాక్టరు గట్టిగా చెప్పాక, తెలిసినవాళ్ళ మాటసాయంతో పట్నంలో ఓ పార్కులో కాంట్రాక్టు పనికి కుదిరింది. ఆకులు ఊడవడం, గడ్డి కోయడం, కలుపు తీయడం, నీళ్ళు పెట్టడం ఆమె పని.

"ఏటి మీద బతికినోళ్ళం. మట్టి పని నీకేం తెలుసే?" అన్నాడు రాముడు.

"నేర్చుకుంటాలే. చేపలమ్మడం మాత్రం పుట్టుకతో వచ్చిందా ఏంటి?" అంది.

ఆ పార్కు ఎకరంన్నర ఉంటుంది. చుట్టూ ఉన్న వీధులకంటే పల్లం. ఎప్పుడో బంకమట్టి నేల మీద ఎర్రమట్టి తోలించి, పైన తివాచీలాంటి గడ్డి పరిచారు. ఏటా వానాకాలం తూర్పు మూల నీళ్ళు నిలిచి ఆ గడ్డి కుళ్ళిపోయేది. చలికాలం రాగానే కడియం నర్సరీల నుంచి కొత్త గడ్డి తెచ్చి మళ్ళీ అక్కడే పరిచేవారు. వీరవేణి ఆ పని నాలుగుసార్లు చేసింది. నాలుగోసారి చేస్తున్నప్పుడు, ఇదేదో చిరుగు వలతో చేపలు పట్టినట్టుందని ఆమెకు అనిపించింది గానీ, ఎవరితో అనాలో తెలియక ఊరుకుంది.

ఆ మరుసటి వేసవిలో పార్కుల్లో పనిచేసేవాళ్ళకు శిక్షణ ఇస్తామని ఓ స్వచ్ఛంద సంస్థవాళ్ళు ముందుకొచ్చారు. వారానికి రెండు రోజులు, మూడు నెలలపాటు, కడియం దగ్గర ఓ నర్సరీ షెడ్డులో. ఎండలో అంత దూరం వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఎవరో ఒకరి పేరు రాయాలి కాబట్టి సూపర్‌వైజరు వీరవేణి పేరు రాశాడు.

పాఠం చెప్పే పావనికి ముప్పై ఏళ్ళుంటాయి. తోటల డిజైను చదువుకుని వచ్చిన పిల్ల. మొదటిరోజు బోర్డు మీద 'ఎకలాజికల్ ల్యాండ్‌స్కేప్' అని తెలుగు అక్షరాల్లోనే రాసింది. ఐదో తరగతి వరకే చదివిన వీరవేణి దాన్ని మూడుసార్లు కూడబలుక్కుంది.

"పేరు చూసి భయపడకండి" అంది పావని. "ఇక్కడి నేల ఏంటి, నీళ్ళు ఎటు నడుస్తాయి, ఎండ ఎక్కడ పడుతుంది, ఏ పురుగూ పిట్టా వస్తాయి అన్నవి ముందు చూసుకోవడం. ఆ తర్వాతే ఏ మొక్క వెయ్యాలో తేల్చుకోవడం. మనం మొక్క తెచ్చి నేలని మార్చాలని చూస్తాం. నేలని చూసి మొక్కని తెచ్చుకుంటే సగం చాకిరీ తగ్గుతుంది."

వీరవేణి చెయ్యెత్తింది. "మేడమ్‌గారూ, మా పార్కులో ఓ మూల ఎప్పుడూ నీళ్ళు నిలుస్తాయండి. అక్కడ ఏం వెయ్యాలండి?"

"నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయి? ఎన్ని రోజులుంటాయి?"

నాలుగేళ్ళు ఆ నీళ్ళలో కాళ్ళు నానబెట్టిన వీరవేణి, వాటి హద్దు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా సిగ్గుపడింది.

ఆ వానాకాలం ఆమె వెదురు పుల్లలు చెక్కుకుని పార్కుకు తీసుకెళ్ళింది. వాన వెలిసిన ప్రతిసారీ నీటి అంచు వెంట పుల్లలు పాతి, వాటికి పాత వల దారాలు కట్టేది. మొదటి రోజు అంచుకు నీలం, మర్నాటి అంచుకు ఎరుపు, మూడోనాటిదానికి పచ్చ. పొద్దున్నే నడకకొచ్చేవాళ్ళకు అదో తలనొప్పైంది. వాళ్ళ సంఘానికి పెద్ద జగన్నాథరావు మాస్టారు. హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి. పంచె అంచు పట్టుకుని ఆ పుల్లల మధ్య నిలబడి, "ఏంటమ్మా ఇది? ఎవరి కాళ్ళకైనా గుచ్చుకుంటే?" అన్నారు.

"నీళ్ళు ఎక్కడిదాకా వస్తన్నాయో గుర్తు పెట్టుకుంటన్నానండి మాస్టారూ."

"గుర్తు పెట్టుకుని ఏం చేస్తావ్?"

"ఇంకా తెలీదండి."

ఆయన తల పంకించి వెళ్ళిపోయారు. ఎవరో కొన్ని పుల్లలు పీకి పారేసేవారు. ఆమె మళ్ళీ పాతేది. కార్తీకం వచ్చేసరికి తూర్పు మూలంతా రంగుల దారాలే. పార్కులు చూసే ఇంజనీరు ఉదయభాస్కర్ ఓ రోజు తనిఖీకి వచ్చి వాటి దగ్గర ఆగాడు. వీరవేణి పావని చేత గీయించుకున్న కాగితం చూపించి, ఒక్కో రంగు చెబుతూ వెళ్ళింది. వీధి కాలువ నుంచి నీళ్ళు ఎటు దూకుతున్నాయో, ఎక్కడ ఇంకకుండా ఆగుతున్నాయో అన్నీ చెప్పింది.

"ఇక్కడ గడ్డి బతకదండి. కాస్త లోతు చేసి, అడుగున ఇసక పోసి, తడికీ ఎండకీ తట్టుకునే మొక్కలు వేద్దామండి. నీళ్ళు మూడు రోజుల్లో ఇంకిపోవాలి. అంతకు మించి ఉంటే దోమలు పడతాయని మేడమ్‌గారు చెప్పారండి."

ఉదయభాస్కర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈసారి గడ్డి బదులు ఇదే చేద్దాం. ఒక్క ఏడాది చూస్తాను" అన్నాడు.

వేసవిలో గుంట తవ్వారు. మోకాలి లోతు, సన్నగా పొడుగ్గా, నీళ్ళు నడిచే దారికి అడ్డంగా. గట్టు మీద వట్టివేరు, వాలులో మెట్టతామర, అడుగున తుంగ, ఆ వెనక రెండు తెల్లమద్ది మొక్కలు. అడుగు భాగం ఇంకా బోడిగా ఉందనిపించి వీరవేణి కాలువ గట్టు నుంచి నాలుగు జమ్ము దుబ్బులు కూడా తెచ్చి నాటింది. "జమ్ము వద్దు వీరవేణిగారూ, ఊరుకోదు అది, గుంటంతా అల్లుకుపోతుంది" అని పావని ఫోనులో చెప్పింది. నాలుగే కదా అనుకుంది వీరవేణి.

వానలు పడ్డాయి. మెట్టతామర ఎర్రగా పూసింది. తూనీగలు వచ్చి తుంగ మీద వాలాయి. నడకకొచ్చినవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకున్నారు. జమ్ము మాత్రం నాలుగు దుబ్బులు నలభై అయ్యాయి.

భాద్రపదంలో ఊళ్ళో జ్వరాలు మొదలయ్యాయి. జగన్నాథరావు మాస్టారి మనవరాలు హారతికి డెంగీ వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. తొమ్మిదేళ్ళ పిల్ల, రోజూ సాయంత్రం తాతతో పార్కుకు వచ్చేది. మాస్టారు మున్సిపల్ ఆఫీసుకు అర్జీ పెట్టారు. పార్కులో గుంట తవ్వి దోమల్ని పెంచుతున్నారని, వెంటనే పూడ్చమని. సోమవారం మట్టి ట్రాక్టరు పంపిస్తామని సూపర్‌వైజరు వీరవేణికి చెప్పాడు. అప్పటికి శుక్రవారం.

ఆమెకు గుంట పోతుందన్న దిగులు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఆ పిల్లకి నా వల్లే వచ్చిందా అని. వెంటనే తెల్ల గిన్నె పట్టుకుని గుంటలో దిగింది. నీళ్ళు గిన్నెలోకి తీసుకుని వెలుతురులో చూడాలి, దోమ పిల్లలుంటే మెలికలు తిరుగుతూ కనబడతాయి, పావని నేర్పిన పద్ధతే. వాన వెలిసి ఐదు రోజులైంది. గుంట దాదాపు అంతా ఇంకిపోయింది. జమ్ము దుబ్బుల మొదట్లో మాత్రం బురద పేరుకుని ఇంకా నీళ్ళున్నాయి. గిన్నెలో ఆరేడు పురుగులు మెలికలు తిరిగాయి.

వీరవేణి గునపం తెచ్చి జమ్ము పీకడం మొదలుపెట్టింది. ఆ శుక్రవారం, శనివారం మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో సహా పెకలించింది. చేతులు బొబ్బలెక్కాయి. శనివారం మధ్యాహ్నం చేతులు కడుక్కోవడానికి గేటు వైపు వెళ్తూ, పార్కంతా చూడకుండా గుంట ఒక్కటే చూశానే అని తోచి, నీళ్ళు నిలిచే ప్రతి చోటా గిన్నె ముంచడం మొదలుపెట్టింది. పూలకుండీల కింద పళ్ళాలు, విరిగిన బెంచీ గొట్టం, ఆఖరున గేటు దగ్గర ఫౌంటెన్.

ఆ ఫౌంటెన్ తామరపువ్వు ఆకారంలో సిమెంటుతో కట్టింది. జగన్నాథరావు మాస్టారు నాలుగేళ్ళ క్రితం పోయిన తన భార్య పేరున కట్టించి ఇచ్చారు. పాలరాతి పలక మీద ఆవిడ పేరుంటుంది. మోటారు పాడై ఏడాదైంది. సిమెంటు రేకుల లోపల వాననీళ్ళు తేటగా నిలిచి ఉన్నాయి. గిన్నె నిండా పురుగులే.

ఎవరికైనా చూపిస్తే గుంట బతుకుతుంది. అందరి ముందూ చూపిస్తే మాస్టారి తల కొట్టేసినట్టవుతుంది. వీరవేణి ఆ నీళ్ళన్నీ అప్పటికప్పుడు చేదతో తోడి ఎండిన మట్టి మీద పోసింది. ఒక్క సీసాలో మాత్రం పట్టి మూత పెట్టి, ఆదివారం పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళింది.

ఆయన ఆస్పత్రికి బయల్దేరుతున్నారు. ఆమెను చూసి మొహం ముడుచుకున్నారు. "గుంట సంగతైతే మాట్లాడకు వీరవేణీ. పిల్ల అక్కడ మంచం మీద ఉంది."

"పాపకి ఎలా ఉందండి?"

"ఇవాళ కాస్త నయం. ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయన్నారు."

"మాస్టారూ, నా గుంటలో దోమ పిల్లలున్నాయండి. జమ్ము వెయ్యొద్దంటే వేశాను. తప్పు నాదే. పీకేశాను." ఆమె సీసా అరుగు మీద పెట్టింది. "ఇవి గుంటలోవి కావండి. అమ్మగారి ఫౌంటెన్‌లోవి. ఇంకెవరికీ చెప్పలేదు. నీళ్ళు నేనే తోడేశాను."

ఆయన సీసా ఎత్తి చాలాసేపు చూశారు. "రోజూ దాని పక్కనే కూర్చునేవాళ్ళం" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. "సాయంత్రాలు. నేనూ, పాపా."

"పాపని కుట్టింది ఏ దోమో ఎవరు చెప్పగలరండి. మీ వీధిలోదీ కావచ్చు."

ఆయన వెళ్ళమని చేత్తో సైగ చేశారు. వీరవేణి వచ్చేసింది. మంచి పని చేశానో, ముసలాయన గుండె మీద రాయి పెట్టొచ్చానో తెలియక ఆ రోజు అన్నం సహించలేదు.

సోమవారం ట్రాక్టరు వచ్చింది. వెనకే ఉదయభాస్కర్ వచ్చాడు. నడక సంఘంవాళ్ళూ ఉన్నారు. వీరవేణి జమ్ము సంగతి దాచకుండా చెప్పింది. అంతలో మాస్టారు ముందుకొచ్చి, "మా ఫౌంటెన్‌లోనూ ఉన్నాయి. దీనికంటే ఎక్కువ. ఈ అమ్మాయి నాకు చూపించింది" అన్నారు. "గుంట పూడ్చొద్దండి. నా అర్జీ నేను వెనక్కి తీసుకుంటున్నాను."

ఉదయభాస్కర్ సరేనన్నాడు. ట్రాక్టరులో వచ్చిన మట్టిలో సగం ఫౌంటెన్‌కే పట్టింది. అడుగున బెజ్జాలు కొట్టించి, రేకుల్లో మట్టి నింపారు. పలక అలాగే ఉంచారు. ఏం మొక్క వేద్దామని వీరవేణి అడిగితే, "ఆవిడకి మరువం ఇష్టం. కానీ ఎండకి ఆగదేమో" అన్నారు మాస్టారు. ఆగలేదు కూడా. రెండుసార్లు ఎండిపోయాక నందివర్ధనం నాటారు. హారతి పది రోజులకు ఇంటికొచ్చింది. మళ్ళీ పార్కుకు రావడానికి ఆ పిల్ల అమ్మ మాత్రం సంక్రాంతి వెళ్ళేదాకా ఒప్పుకోలేదు.

వీరవేణిది ఇప్పటికీ కాంట్రాక్టు పనే. గుంట అడుగున ఇప్పుడు తుంగ ఒక్కటే ఉంది. మొన్నటి వేసవిలో పెద్దాపురంలో కొత్త బ్యాచ్‌కి ఓ పూట పాఠం చెప్పమని పావని పిలిచింది. ఒక్కతే వెళ్ళడానికి జంకితే రాముడు ఆ రోజు వల మానేసి తోడొచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాడు. ముప్పై మంది ముందు నిలబడి ఆమె మొట్టమొదట జమ్ము సంగతే చెప్పింది.

తిరుగుబస్సులో "ఎలా చెప్పాను?" అని అడిగింది.

"బానే చెప్పావు. కానీ మరీ గబగబా చెప్పేశావు, ఎవరో తరుముతున్నట్టు" అన్నాడు రాముడు.

ఆమె నవ్వి, అతని భుజం మీద తల వాల్చి, రాజమండ్రి దాకా నిద్రపోయింది.