పురాన్‌ల అవ్వ కడుపులో

మా మేనత్త దొమితిలా మన్కేపి చేతిలో ఏదో ఒకటి లేకుండా ఎవరి గడపా తొక్కేది కాదు. నాలుగు ఉడికిన పెవెన్ చెట్టు గింజలో, ఉన్ని ఉండో, ఏదీ లేకపోతే పొయ్యిలోకి ఒక ఎండు కట్టెపుల్లో తీసుకునే వెళ్ళేది. చిన్నతనంలోనే భర్త పోయాడు. పిల్లల్లేరు. మా నాన్న లొరెన్సోకు సొంత అక్క గనక మా ఇంట్లోనే ఉండేది. శీతాకాలం మగ్గం మీద, ఎండాకాలం కొండ మీద మేకల వెంట ఆమె కాలం గడిచిపోయింది. దారిన పోయేవాళ్ళ చలి చూసి పిలిచి మరీ వేడి మాతే ఆకు కషాయం చేతికిచ్చేది. కుండ కడిగిన నీళ్ళలో మిగిలిన మెతుకులను కూడా పిట్టలు దిగేచోట చూసి పోసేది.

ఆమె తొక్కని గడప లోయలో ఒక్కటే ఉంది. అది వాగు అవతలి పురాన్‌ల ఇల్లు.

మా కొండ మీద పెవెన్ చెట్లు ఎవరింటివి వాళ్ళకుంటాయి. కంచెలుండవు. అయినా ఏ చెట్టు ఎవరిదో చంటిపిల్లలు కూడా చెప్తారు. శిశిరంలో గాలికి కాయలు పగిలి గింజలు రాలుతాయి. వాటిని ఏరడానికి చెట్ల కిందికి వెళ్ళేముందు ఎవరైనా సరే ఆగాలి. నేను ఫలానా, ఫలానా వారి బిడ్డనని చెప్పుకోవాలి. ఆ చెట్లను సాకి చనిపోయిన పెద్దల పేర్లు తలుచుకోవాలి. ఆ తర్వాత అడగాలి. అడగకుండా ఏరిన గింజ నోట్లో మన్నవుతుందని మా పెద్దవాళ్ళ మాట.

ఒక కరువు ఏడాది మా తాత ఆ మాట దాటాడు. పిల్లల ఆకలి చూడలేక పురాన్‌ల తోపులోకి దూరి, ఇంకా పండని కాయలను తాడు విసిరి రాల్చాడు. వాళ్ళ ఇంటి పెద్దావిడ రొసౌరా చూసి వాగు ఒడ్డున నిలబడి నానా శాపాలూ పెట్టింది. తాత తప్పు ఒప్పుకోలేదు, ఆమె శాపం వెనక్కి తీసుకోలేదు. ఇద్దరూ పోయారు. రొసౌరా పేరు మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదనే నియమం మిగిలింది.

ఆ ఏడు మంచు ముందే పడింది. లోయవాళ్ళంతా పశువులను తోలుకుని కిందికి దిగిపోయారు. మా మందలో ఒక్క మేక రాలేదు. దాని పేరే దొంగ. ఎక్కడ తలుపు తీసి ఉంటే అక్కడ దూరేది. పోతే పోయిందిలే, పూమా పులి కూడా బతకాలి కదా అన్నాడు మా నాన్న.

"పూమాకు పెట్టాలంటే నిన్ను పెడతాను, నీకు కండ ఉంది," అంది అత్త. "అది కడుపుతో ఉందిరా."

మూటలో కాస్త వేయించిన గోధుమపిండి, చేతిలో పొడుగాటి వెదురు కర్ర, నడుములో అగ్గిపుల్లల రేకు డబ్బా పెట్టుకుని పొద్దున్నే కొండెక్కింది.

మేక అడుగుల జాడ మా చెట్ల కిందినుంచి వాగు దాటి పురాన్‌ల తోపులోకి పోయింది. అక్కడ ఆగి కేక వేసింది. మేక బదులిచ్చింది, చలీ భయమూ ఏమీ లేని హాయైన గొంతుతో. ఆ గొంతు అవ్వ కడుపులోంచి వచ్చింది.

అవ్వ అంటే పురాన్‌ల తోపులో అన్నిటికన్నా పెద్ద పెవెన్. మా లోయలో గుర్రం అనే జంతువు కాలు పెట్టకముందే అది ముసలిదైపోయింది. బెరడు తాబేటి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. నలుగురు చేతులు చాచి పట్టుకున్నా చుట్టుకొలత అందదు. కొమ్మలన్నీ పైన గొడుగులా విచ్చుకుని, వాటినుంచి బూడిదరంగు నాచు గడ్డాల్లా వేలాడుతుంది. ఎప్పటిదో పిడుగు మొదట్లో ఒక తొర్ర చేసింది. ఆ గాయం అంచులు మానిపోయి చెట్టు మాత్రం పచ్చగానే ఉంది. సాయంత్రమైతే లోయలోని చిలకలన్నీ దానిమీదికే చేరతాయి.

గాలి పెరిగింది. మంచు అడ్డంగా కొడుతోంది. అత్త హద్దు దగ్గర నిలబడి తన పేరు చెప్పుకుంది, తండ్రి పేరు చెప్పుకుంది. చెట్టును సాకినవాళ్ళ పేర్ల దగ్గరికి వచ్చేసరికి నాలుక పడిపోయింది. "మీ పెద్దలందరికీ దండం" అని గబగబా అనేసి తొర్రలోకి వంగింది.

మేక మెడకు తాడు వేసి బయటికి లాగబోతుండగా పైన ఫెళ్ళున చప్పుడైంది. మంచు బరువుకు ఒక కొమ్మ విరిగి, తనతో గొడుగంతా మంచును తెచ్చి తొర్ర వాకిలికి అడ్డంగా పడింది. అత్త వెనక్కి దూకింది గానీ ఒక పాదం కొమ్మ కింద నలిగింది. కాలు లాక్కునేసరికి చెప్పు ఉండిపోయింది.

పెవెన్ ఆకు ఆకు కాదు, కత్తిమొన. కొమ్మ నిండా ఆ మొనలు లోపలికి తిరిగి ఉన్నాయి. కర్రతో తోసింది, చేతులతో తోసింది. అరచేతులు చీరుకుపోయాయి. కొమ్మ వెనక మంచు గోడలా గట్టిపడింది. తల పైన ఒక చీలికలోంచి మాత్రం కాస్త వెలుతురు పడుతోంది. ఇద్దరు మోకాళ్ళు ముడుచుకుని కూర్చోగలిగినంత చోటు. అందులో ఒక మనిషి, ఒక మేక.

తాను అడగకుండా వచ్చినందుకే వాకిలి మూసుకుందని అత్తకు నిస్సందేహంగా తెలుసు. మా కొండవాళ్ళు కొలిచే పైలోకపు ముసలాయననూ ముసలామెనూ తలుచుకుంది. ఇంటి మూల సిలువ దగ్గర చదివే ప్రార్థన కూడా చదివింది. చివరికి చెట్టు గోడ మీద చెయ్యి పెట్టి అంది: "రొసౌరా అవ్వా. మా నాన్న మీ కాయలు పచ్చివి రాల్చాడు. మాకు ఆకలేసింది. నేనూ తిన్నాను. నన్ను ఇక్కడ ఉండనివ్వు."

 మేక ఆమె ఒళ్ళో తల పెట్టింది.

మర్నాడు మా నాన్న గొంతు వినిపించింది. ఎక్కడో దూరంగా, వాగు ఇవతల, మా చెట్ల కింద. ఊరి మగవాళ్ళందరూ కలిసి పిలుస్తున్నారు. అత్త గొంతు పోయేదాకా అరిచింది. మేక కూడా అరిచింది. మంచు రెండు గొంతులనూ మింగేసింది. మా దొమితిలా పురాన్‌ల చెట్ల కిందికి ప్రాణం పోయినా వెళ్ళదని అందరికీ గట్టి నమ్మకం. అందుకే వాగు దాటి ఒక్కడూ చూడలేదు. తన గురించి జనం అనుకునే మంచి మాటే తనకు అడ్డుగోడ అయింది. పిలుపులు పల్చబడి కొండ దిగిపోయాయి.

పిండి అయిపోయింది. చీలికలోంచి చెయ్యి చాచి మంచు గీరి నోట్లో వేసుకునేది. పాదం మొద్దుబారింది. శాలువాలో చుట్టి మేక పొట్ట కింద పెట్టుకుంది. అప్పుడు మేక మూలన కాళ్ళతో గీకడం మొదలుపెట్టింది. పొడి మట్టి కింద ఎలుక దాచుకున్న గింజల కుప్ప బయటపడింది. ఒక్కో గింజా వేలంత, ఎర్రగా, పుచ్చులేకుండా ఉంది. మన కన్నా శ్రద్ధగా ఏరుకుంది ఎలుక అని తర్వాత మాకు చెప్పేది.

ఎలుక కొట్టు దొరికితే సగమే తీసుకోవాలని, తీసినచోట దానికి పనికొచ్చేదేదైనా పెట్టాలని మాలో పద్ధతి. అత్త శాలువా అంచునుంచి ఉన్ని దారాలు లాగి ఆ గుంటలో పెట్టింది. సగం దగ్గర ఆగడం దొంగకు తెలియదు. దాని మూతి పట్టుకుని వెనక్కి నెట్టడానికే ఆమెకున్న బలం చాలావరకు ఖర్చయింది.

పచ్చి గింజలు కొరుక్కుంటూ చుట్టూ చూసింది. తాను ఒక్కతే లేదక్కడ. పైన చీకట్లో ఒక గబ్బిలం ముడుచుకుని ఉంది. బెరడు సందుల్లో పురుగులు, వాటికోసం లోపలికీ బయటికీ తిరిగే బొటనవేలంత పిట్ట, గోడ వెనక ఎక్కడో ఎలుక. బయట మంచు ఎంత కొట్టినా ఈ ముసలి గోడల మధ్య వాళ్ళందరి ఇళ్ళలోనూ పొడిగానే ఉంది. చెట్టు పైన ఊగుతుంటే ఆ ఊపు కింద ఆమె వీపుకు తెలిసేది, నిద్రలో ఉన్నవాళ్ళ ఊపిరిలాగా.

చలి మాత్రం ఆగలేదు. నడుములో అగ్గిపుల్లలున్నాయి.

గోడ నిండా నిప్పు తగిలితే భగ్గుమనే ఎండిన బంక ఉంది. వాకిలికి అడ్డం పడిన కొమ్మలోనూ బంకే. ఒక్క పుల్ల గీస్తే కొమ్మ కాలి దారి ఇస్తుంది. పొగ లోయంతటికీ కనిపిస్తుంది, అందరూ పరుగెత్తుకొస్తారు. అయితే తొర్ర పొగగొట్టంలా మంటను పైకి లాక్కుంటుందని కూడా ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఎవరో వదిలిన నిప్పుకు అవతలి కొండ తగలబడటం చూసింది. చెట్లు నిలబడే కాలాయి. కొన్నాళ్ళపాటు చిలకలు గూళ్ళు లేక బూడిద మీద తిరిగాయి.

డబ్బా తీసింది, పెట్టేసింది. మళ్ళీ తీసింది. వేళ్ళు వంగడం మానేసేసరికి ఈసారి గీసేస్తానని ఆమెకే అర్థమైంది. అప్పుడు చీలిక దాకా చెయ్యెత్తి డబ్బాను బయటి మంచులోకి తోసేసింది. "నన్ను నేను నమ్ముకోలేకపోయానే తల్లీ" అని మేకతో చెప్పి ఏడ్చింది.

ఇక మిగిలింది తలగుడ్డ. ఎర్రది. దాన్ని కర్ర కొసకు కట్టి చీలికలోంచి వీలైనంత పైకి నిలబెట్టింది. సాయంత్రం చిలకలు వచ్చాయి. రెక్కల చప్పుడు దగ్గరికొచ్చి ఒక్కసారిగా కీచుకీచుమని గోలగా మారింది. చెట్టు చుట్టూ తిరిగాయి, తిరిగి తిరిగి కిందికి వెళ్ళిపోయాయి. ఇంటివాళ్ళను కూడా వెళ్ళగొట్టానే అనుకుంది అత్త. ఆ తొర్రలో ఉన్నన్నాళ్ళలో ఆమె ఆశ వదిలేసింది ఆ సాయంత్రమే.

కింద లోయలో రొసౌరా కోడలు ఫిదేలియా కట్టెలు తెచ్చుకోవడానికి వాకిట్లోకి వచ్చింది. అప్పటికే ఆమెకు చూపు మందం. ఆమె రోజూ చిలకలు కొండెక్కే చప్పుడు విని తలుపు వేసుకునేది. ఆవేళ అవి తిరిగొచ్చి ఆమె ఇంటి పక్క చెట్టు మీద వాలి కొట్లాడుకున్నాయి.

చిలకలు కూడా ఇల్లు మారతాయిలే అమ్మా అని కొడుకులు నవ్వారు.

"ఇంట్లో ఎవరైనా దూరితేనే ఇల్లు మారతారు," అంది ఫిదేలియా.

తెల్లవారగానే కర్ర పట్టుకుని వాగు దాటి మా ఇంటి వాకిట్లో నిలబడింది. పురాన్‌ల మనిషిని మా వాకిట్లో మేమెవరం అంతకుముందు చూడలేదు. మా అమ్మ పీట వేసింది. ఆమె కూర్చోలేదు.

"లొరెన్సో, మీ అక్క మా అవ్వలో ఉంది."

మా నాన్నకు అప్పుడు కూడా పౌరుషమే వచ్చింది. "మా అక్క మీ చెట్ల కిందికి రాదు."

"రాదని నాకూ తెలుసు నాయనా. మేకకు తెలియదు కదా."

మా నాన్న ఇంకేమీ అనకుండా పార తీసుకున్నాడు. ఫిదేలియా కొడుకులు గొడ్డళ్ళతో ముందు నడిచారు. చూపు ఆనకపోయినా ఆమె కూడా ఒక కొడుకు భుజం పట్టుకుని కొండెక్కింది.

కొమ్మ నరికి మంచు తవ్వగానే ముందు మేక దూకింది. తర్వాత అత్తను లాగి దుప్పట్లో చుట్టారు. పెదవులు నల్లబడ్డాయి. ఫిదేలియా ఆమెను పలకరించకుండా నేరుగా తొర్రలోకి తల పెట్టి పొగ వాసన కోసం గాఢంగా పీల్చింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ తర్వాత వచ్చి ఆమె పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుని రుద్దసాగింది.

"పేరు చెప్పుకునే ఉన్నానక్కా," అంది అత్త గొంతు లేని గొంతుతో. "వచ్చినప్పుడు చెప్పలేదు. వచ్చాక చెప్పాను."

"ఏ పేరు?"

"రొసౌరా."

ఫిదేలియా చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. "ఆవిడకు చెవుడు. గట్టిగా చెప్పావా లేదా?" అంది.

మంచుకు చచ్చుబడి అత్తకు రెండు కాలివేళ్ళు పోయాయి. దొంగకు వసంతంలో రెండు పిల్లలు పుట్టాయి. అయినా వాగు దాటి రాకపోకలు వెంటనే మొదలవలేదు. ఏళ్ళ తరబడి మూసిన దారిలో ముళ్ళు ఉండనే ఉంటాయి. దారిలో ఎదురైతే తలలూపుకునేవాళ్ళు, అంతే. నిప్పు సంగతి మా అత్త అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

మంచు కరిగాక ఒక పొద్దున ఫిదేలియా వచ్చింది. మా అమ్మ పీట వేస్తే ఈసారి కూర్చుంది. శాలువాలోంచి తుప్పు పట్టిన రేకు డబ్బా తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. మూత తీసి ఉంది. లోపల అగ్గిపుల్లలు తడిసి ఉబ్బి, ఒక్కటి కూడా గీయకుండా ఉన్నాయి.

"మా అవ్వ కాళ్ళ దగ్గర దొరికింది. నీదేననుకుంటా," అంది.

అత్త దానివైపు చూసి తల దించుకుంది.  నీళ్ళు మరిగాక అత్త మాతే కలిపి, మొదటి గుక్క తాను తాగి, వేడి సరిచూసి గిన్నె ఆమె చేతికిచ్చింది.

ఆ శిశిరంలో మా అత్త కుంటుకుంటూ కొండెక్కింది. తోపు హద్దున ఆగి తన పేరు, తండ్రి పేరు, రొసౌరా పేరు బిగ్గరగా చెప్పుకుంది. మా చెట్ల కింద తాను ఏరిన గింజల్లో మేలైనవి దోసెడు తీసుకెళ్ళి అవ్వ తొర్రలో, ఆ మూల గుంటలో పోసింది. గుంటలో ఉన్ని దారాలు లేవు. లోపల ఎక్కడో ఎలుక గూటికి చేరాయని సంతోషపడింది.