రమణకు చెప్పని స్కోరు

దమ్మపేట దాటి అడవిలోకి మళ్ళితే వచ్చే గండిగూడెంలో దూలయ్య పేరెత్తితే ముందు అతని చేతుల గురించే చెబుతారు. చేతులు కావవి, చేటలు. ఆశ్రమ పాఠశాలలో చదివినన్నాళ్ళూ పదమూడో ఎక్కం అతనికి అబ్బలేదు గానీ, గోల్‌పోస్టు ముందు నిలబడితే బంతి పక్కకు పోవడానికి కూడా అతని అనుమతి అడిగేదట. కొంత గొప్పలు పోయారనుకున్నా, ఆ చేతులు చూసినవాళ్ళు సగమైనా నమ్ముతారు.

ఆ పాఠశాల ఫుట్‌బాల్ జట్టులో రమణ స్టాపర్ బ్యాక్. గోల్‌కీపర్‌కు ముందుండే ఆఖరి కాపలా అన్నమాట. ఇద్దరిదీ ఒకే గట్టు, అంటే ఒకే వంశం, కాబట్టి కోయల లెక్కలో అన్నదమ్ములే. రమణకు సొంత అన్నదమ్ములు లేరు, ఉన్న ఒక్క అన్నా దూలయ్యే. ఆటలో రమణ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. మైదానమంతా కనిపించేది గోల్‌కీపర్‌కు కదా, అందుకని చూసే పని, అరిచే పని దూలయ్యది. "ఎడమకు!" అంటే ఎడమకు, "ఆగు!" అంటే ఆగడం. పెళ్ళిళ్ళయి పోడు చేలల్లో పడ్డాక కూడా సంతకు వెళ్తే రమణ ముందు, దూలయ్య వెనక నడిచేవారు.

2004లో మన దేశం జట్టుకు జపాన్‌తో పడింది. వరల్డ్ కప్‌కు ఎవరు వెళ్ళాలో తేల్చే పోటీలు. జూన్‌లో అక్కడికి వెళ్ళి ఏడు గోల్స్ తిని వచ్చారు మనవాళ్ళు. సెప్టెంబరులో జపాన్ వాళ్ళే కలకత్తా వస్తున్నారని పేపర్లో చదివిన రోజు నుంచి దూలయ్యకు కాలు నిలవలేదు. గెలుస్తామని కాదు, అంత వెర్రివాడేం కాదు. ఏడు తిన్నవాళ్ళు మళ్ళీ అదే జట్టు ముందు ఎట్లా నిలబడతారో చూడాలని. అవతలి ఊళ్ళో పామాయిల్ తోటల్లో కూలికి పోయిన రమణకు కబురు పంపాడు, "బుధవారం మ్యాచ్ ఉంది, ఎట్లన్న రా" అని.

గూడెం అంచున ఒకే ఒక టీవీ ఉండేది, కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న వెంకటనారాయణ ఇంట్లో. సాయంత్రాలు కరెంటు ఉండదు కాబట్టి ఆయన ట్రాక్టర్ బ్యాటరీ పెట్టి టీవీ నడిపేవాడు. సరిగ్గా ఆ వారమే బ్యాటరీ చచ్చిపోయింది.

"ఏడు గోల్స్ తిన్నోళ్ళ ఆట కోసం కొత్త బ్యాటరీ కొనమంటావేంటయ్యా దూలయ్యా?" అని నవ్వాడాయన. "క్రికెట్ అయితే ఆలోచించేవాణ్ణి."

దూలయ్య ఊరుకోలేదు. ఒక నాటుకోడిని చంకన పెట్టుకుని లైన్ హెల్పర్ హాతీరాం దగ్గరికి పోయాడు. హాతీరాం కారేపల్లి వైపు తండా మనిషి, మెత్తనివాడు. ఆ అడవి లైనుకు రోజూ సాయంత్రం ఆరింటికి కరెంటు పోయి, రాత్రి పదింటికి వచ్చేది. ఆ ఒక్కరోజు ఏడింటికే వెయ్యమని దూలయ్య బతిమాలాడు.

"పెద్ద సారు ఇంటికి పోయినంక వేస్త. ఒక్కరోజే మల్ల," అన్నాడు హాతీరాం కోడి బరువు చూస్తూ. "చేన్ల తీగలు గిట్ల ఎవరన్న పెట్టిండ్రా?"

"మా గూడెంల ఎవరు పెడ్తరన్నా, మేం గసొంటోళ్ళమా?" అన్నాడు దూలయ్య.

ఆ ప్రశ్నా మొక్కుబడే, ఆ జవాబూ మొక్కుబడే. తీగలు పెట్టని చేను ఆ చుట్టుపక్కల లేదని ఇద్దరికీ తెలుసు. సెప్టెంబరు అంటే మొక్కజొన్న కంకి పాలు పోసుకునే కాలం, అడవి పందులకు పండగ. మంచెల మీద కూర్చుని డబ్బాలు కొట్టి కొట్టి విసిగిన జనం చేను అంచున మోకాలెత్తున ఇనుప తీగ కట్టి, ఎండు వెదురు గడతో దాని కొక్కేన్ని కరెంటు లైనుకు తగిలించేవారు. ఫారెస్టు వాళ్ళకు తెలిస్తే జైలే. అయితే ఊరికి ఒక పద్ధతి ఉంది. సాయంత్రం కరెంటు లేని వేళ కొక్కెం తగిలించాలి. పది కొట్టేసరికి అందరూ ఇళ్ళల్లో ఉండాలి. తెల్లవారుజామునే తీసెయ్యాలి. ఆరు నుంచి పది దాకా అది ఉత్త తీగ, పిల్లలు కూడా దాటుకుని పోయేవారు.

ఆ బుధవారం సాయంత్రం ఆరున్నరకు దూలయ్య చేనుకు పోయి, రోజూ తగిలించినట్టే కొక్కెం తగిలించాడు. కరెంటు ఏడింటికి వస్తుందని అతనికి తెలియదా? తెలుసు. తెప్పించిందే తను. తీగ సంగతి తెలియదా? అదీ తెలుసు, చేతిలోనే ఉంది. ఆ రెండూ ఒకే తలలో ఉండి కూడా ఒకదాన్నొకటి తాకలేదు. చేతులు వాటి అలవాటు పని అవి చేసుకుపోయాయి, మనసు అప్పటికే కలకత్తాలో ఉంది. ఈ మాట ఎవరికైనా చెబితే నమ్ముతారా అని ఆ తర్వాత అతను ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

ఏడింటికి కరెంటు వచ్చింది. వెంకటనారాయణ అరుగు మీద ఇరవైమంది చేరారు. రమణ ఇంకా రాలేదు. చీకటి పడ్డాక బయల్దేరి ఉంటాడు, వచ్చేస్తాడులే అనుకున్నాడు దూలయ్య.

ఆట మొదలైంది. జపాన్ వాళ్ళు అలుపు లేకుండా మీదికి వస్తున్నారు, మనవాళ్ళు పడుతూ లేస్తూ ఆపుతున్నారు. పది నిమిషాలయింది, ఇరవై అయింది, అరగంట దాటింది. గోల్ లేదు! దూలయ్య కూర్చోలేక లేచి నిలబడ్డాడు. అప్పుడే అరుగు మీది బల్బు ఒక్కసారి గుడ్డిగా అయింది. టీవీ బొమ్మ కుంచించుకుపోయి వణికింది. ఇరవైమందీ ఒక్క గొంతుతో మూలిగారు. దూలయ్య ఆ చేటలంత చేతులు రెండూ జోడించి, "పోకు తల్లీ, పోకు," అని బల్బుకు మొక్కాడు.

బల్బు మళ్ళీ వెలిగింది. అందరూ ఈలలు వేశారు. అందరికన్నా గట్టిగా వేసింది దూలయ్యే.

విరామానికి క్షణాల ముందు మొదటి గోల్ పడింది. ఆ తర్వాత కలకత్తా మైదానంలోనే దీపాలు ఆరిపోయాయి. "అక్కడికీ ఓ కోడి పంపించవయ్యా," అన్నాడు వెంకటనారాయణ, దూలయ్య కూడా నవ్వాడు. చాలాసేపటికి ఆట మళ్ళీ మొదలై, ఇంకో మూడు పడ్డాయి.

తెల్లవారుజామున కొక్కెం తియ్యడానికి పోయినప్పుడు తీగ మీద రమణ ఉన్నాడు.

అడ్డదారిన వచ్చాడు. పదింటి దాకా అది ఉత్త తీగేనని అతనికి తెలుసు కదా. టీవీ బ్యాటరీతో నడుస్తుందనే అనుకున్నాడు. చేతిలో పొట్లం ఉంది, ఆట చూస్తూ తినడానికి ఇద్దరికీ సరిపడా వేయించిన పల్లీలు. దూలయ్య గడతో కొక్కెం తీశాడు, తీగ చుట్టి వాగు మడుగులో పడేశాడు, రమణను గట్టు మీదికి లాగాడు. ఆ తర్వాతే అరిచాడు. పాము అన్నారు ఎవరో. అవునని గానీ కాదని గానీ దూలయ్య అనలేదు. మొక్కజొన్న చేను, వానాకాలం, పాము. ఎవరికీ అనుమానం రాలేదు. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది.

ఆ తర్వాత దూలయ్య మొక్కజొన్న వెయ్యలేదు, తినలేదు. బంతి ముట్టలేదు. పత్తి వేసుకున్నాడు. "స్నేహమంటే అది," అని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు వినిపించినప్పుడల్లా అతను పత్తి ధర మీదికి మాట మళ్ళించేవాడు. ఇంట్లో బల్బు కాస్త మసకబారితే చాలు, కంచం ముందు నుంచి లేచి బయటికి పోయేవాడు. "ఏందయ్యా, కరెంటు దయ్యం పట్టిందా?" అని భార్య సుజాత విసుక్కునేది. దయ్యమే నయం. పొద్దుగూకే వేళ చేను దారిన వస్తుంటే తనకు పది అడుగుల ముందు రమణ వీపు కనిపించేది. ఎప్పటిలాగే వెనక్కి చూడకుండా నడిచేవాడు. చేను మలుపు దగ్గర లోపలికి మళ్ళేవాడు. "ఆగు" అని అరవాలని ప్రతిసారీ అనుకునేవాడు, ఒక్కసారీ అరవలేదు.

అన్నిటికన్నా నరకం కొత్తల పండగ. కొత్త పంట నోట పెట్టే ముందు ఇంట్లో చనిపోయినవాళ్ళకు ఆకులో వడ్డించి, పేరు పెట్టి పిలవాలి. రమణ ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి అతని భార్య జంపక్క ఏటా దూలయ్యనే పిలిచేది. ఏటా అతను పోయేవాడు. "రమణా, వచ్చి తిను," అని మూడుసార్లు పిలిచి, నిజంగా వస్తాడేమోనని కళ్ళు మూసుకునేవాడు.

2007లో మళ్ళీ వరల్డ్ కప్ పోటీల మాటలు మొదలయ్యాయి. ఈసారి లెబనాన్ అట. గూడెం కుర్రాళ్ళు టీవీ సంగతి మాట్లాడుకుంటున్న రోజుల్లోనే కొత్తల పండగ వచ్చింది. పొద్దు వాలుతుండగా జంపక్క మోదుగాకులో కొత్త అన్నం, రెండు కంకులు పెట్టింది. దూలయ్య కూర్చున్నాడు. మూడుసార్లు పిలిచాడు. లేవబోతుంటే ఆమె ఆపింది.

"బావా, గీసారి పిలుసుడొక్కటే గాదు. నీ తమ్ముడు ఆట సూడవోయిండు. ఆట ఏమైందో ఆయనకు గిప్పటిదాంక ఎవ్వరు చెప్పలే. నువ్ సూసినవ్ గద, చెప్పు."

దూలయ్య ఆకు వంక చూశాడు.

"శానసేపు గోల్ పడలేదురా," అన్నాడు. "మనోళ్ళు గట్టిగ నిలవడ్డరు. నువ్వుంటే గట్లనే ఆడేటోనివి. అరగంట దాటింది. గప్పుడు..." ఆకు అంచు సరిచేశాడు. "గప్పుడు బల్బు గుడ్డిగైంది."

జంపక్క దగ్గరికి జరిగి కూర్చుంది. "ఆయన కాళ్ళు నేనే కడిగిన బావా. పాము కాటు గట్లుండదని ఆ దినమే నాకెర్క. తీగ ఎవరిదో చెప్తవని మూడేండ్ల సంది పిలుస్తున్న. ఆగకు."

"తీగ నాదేరా రమణా," అన్నాడు దూలయ్య. "కరెంటు తెప్పిచ్చింది గూడ నేనే. నీ పానం పోతుంటే నేను బల్బుకు మొక్కిన, ఆరిపోకని. ఈల గూడ ఏసిన." ఆ పెద్ద చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా కూర్చుంది.

"ఆట ఇంక అయిపోలే గద," అంది. "మిగిలింది చెప్పు."

విరామం ముందు పడ్డ గోల్ సంగతి, మైదానంలో చీకటి పడ్డ సంగతి చెప్పాడు. తర్వాతి మూడు గోల్స్ ఒక్కొక్కటీ చెప్పాడు. "మొత్తం నాలుగు. మనయి సున్న."

జంపక్క ఆకు తీసింది. కంకులు రెండూ అతనికి ఇవ్వలేదు, తనూ తినలేదు, ఆకులోనే చుట్టింది. "వచ్చే ఏడు నువ్ రాకు బావా. నేనే పిలుసుకుంట," అంది.

దూలయ్య ఇంటిదారి పట్టాడు. మూడేళ్ళలో మొదటిసారి అతని ముందు ఎవరూ నడవడం లేదు. దారి ఖాళీగా ఉంది. అయినా చేను మలుపు దగ్గరికి వచ్చేసరికి అతను నిలబడిపోయి, గోల్‌పోస్టు ముందు అరిచినట్టు గొంతు చించుకుని, "ఆగు రమణా!" అని అరిచాడు.